వానకి లొంగని రంగు

ఆ ఏడాది మొదటి పెద్ద వాన పడ్డ రోజు, మధ్యాహ్నం పూట, ఊరి చివరి కూడలిలో ఒక సరుకుల వ్యాను పక్కనుంచి దూసుకొచ్చి మా అమ్మాయి కారుని గుద్దింది.

నేను పడుతూ లేస్తూ ఆసుపత్రికి చేరేసరికి పిల్ల స్ట్రెచరు మీద పడుకుని నర్సుతో గొడవ పడుతోంది. ఎడమకాలు మోకాలి కింద విరిగింది. నుదుటి మీద కుట్లు. దాని గోల మాత్రం కాలు గురించి కాదు.

"నా ఐస్ పెట్టె ఎక్కడుంది? అందులో జనం రక్తం ఉంది. ముందు దాన్ని ల్యాబ్‌కి పంపించండి, తర్వాత నన్ను చూద్దురుగాని," అంటోంది. నన్ను చూడగానే, "అమ్మా, నువ్వైనా చెప్పవే వీళ్ళకి," అంది.

అప్పటిదాకా రాని ఏడుపు ఆ మాటతో తన్నుకొచ్చింది నాకు.

దాన్ని ఇంట్లో పిచ్చుక అంటాం. మనిషి పిట్టంత, నోరు ఊరంత. చుట్టుపక్కల చిన్న చిన్న క్లినిక్కుల్లో తీసిన రక్తం సీసాలు ఐస్ పెట్టెలో సర్దుకుని, చెడిపోకముందే ల్యాబ్‌కి చేర్చడం దాని ఉద్యోగం. ఆ ఉద్యోగం కోసమే వాళ్ళ నాన్న ఒక పాత కారు కొని, సొట్టలు తీసి, రంగు వేసి ఇచ్చారు. మా ఆయన కార్లకి రంగులు వేసే మేస్త్రి. ఇంటిని ఆనుకునే షెడ్డు. షెడ్డు ముందు గదిలో మిషను పెట్టుకుని నేను సీటు కవర్లు కుడతాను.

కూతురి కారుకి ఆయన ముచ్చటపడి వేసిన రంగు ముదురు బూడిద. "ఇప్పుడందరూ ఇదే అడుగుతున్నారు. మురికి కనబడదు, సొట్ట కనబడదు, బండి వయసు కనబడదు," అని మురిసిపోతూ వేశారు. ఎక్కడా ఒక్క చుక్క జారలేదు. అద్దంలా ఉండేది.

వ్యాను డ్రైవరు పోలీసులతో చెప్పింది ఒక్కటే ముక్క. ఆ కారు తనకి కనబడలేదని.

*

పిల్లని ఇంటికి తెచ్చుకున్న కొద్ది రోజులకి వ్యాను కంపెనీ మేనేజరు వచ్చాడు. మర్యాదస్తుడే. తడి గొడుగు బయటే ఆనించి, తెచ్చిన పళ్ళ బుట్ట బల్ల మీద పెట్టి, కాలు ఎలా ఉందని అడిగి, టీ తాగి, అప్పుడు తీశాడు సంచీలోంచి కాగితం. జరిగినదాంట్లో ఇద్దరి తప్పూ సమానం, ఎవరికీ ఎవరి మీదా ఫిర్యాదు లేదు అని రాసుంది అందులో.

"మా డ్రైవరు అబద్ధమాడే మనిషి కాదమ్మా," అన్నాడు నాతో. "రోడ్డు తడిసి బూడిద రంగులో ఉంది. మబ్బూ అదే రంగు. మీ కారూ అదే రంగు. రోడ్డులో కలిసిపోయింది. ఇంక వాణ్ణి ఏమని తప్పుపట్టమంటారు చెప్పండి?"

దిండుకి ఆనుకుని కూర్చున్న పిచ్చుక తల తిప్పింది. "రోడ్డు రంగులో ఉంటే ఎక్కి తొక్కేస్తారా సార్?"

"అది కాదు తల్లీ..."

"ఆగి వెళ్ళమని అక్కడ బోర్డు ఉంది. ఎర్రగా, నా నెత్తి అంత ఎత్తున ఉంది. అది కూడా రోడ్డులో కలిసిపోయిందా?"

ఆయన నవ్వబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి మానుకున్నాడు.

"చూడండి సార్," అంది అది, ఈసారి నెమ్మదిగా. "నేను లైట్లు వేసుకోలేదు. పగలే కదా, ఎందుకులే అనుకున్నాను. అది నా తప్పు. రాసుకోండి. ఆగాల్సిన చోట ఆగలేదు, అది మీవాడి తప్పు. అదీ రాయండి. రెండూ ఉన్న కాగితం పట్టుకురండి, సంతకం పెడతాను. ఇది మాత్రం తీసుకెళ్ళిపోండి. పళ్ళు ఉంచండి, మా అమ్మకి ఇష్టం."

మేనేజరు గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత ఎప్పటికో, పోలీసులు ఆ కూడలి చూసొచ్చాక, రెండూ రాసున్న కాగితమే వచ్చింది. ఆసుపత్రి ఖర్చు వాళ్ళే పెట్టుకున్నారు. ఆ సంగతి అంతటితో సరి.

సరికానిది మా ఆయన సంగతి. మేనేజరు మాట్లాడినంతసేపూ ఆయన గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని వాన వైపు చూస్తున్నారు. "మీ కారూ అదే రంగు" అన్నప్పుడు మాత్రం భుజాలు ఒక్కసారి కదిలాయి. మేనేజరు వెళ్ళగానే లేచి షెడ్డులోకి వెళ్ళి, ఒక పక్కంతా నుజ్జయిన కారు మీద టార్పాలిను కప్పి, నాలుగు మూలలా తాళ్ళు బిగించేశారు.

"దాన్ని తుక్కుకి ఇచ్చేద్దాం," అన్నారు భోజనాల దగ్గర. "ఇంక ఈ ఇంట్లో కారు వద్దు."

"నాన్నా, అది నా కారు," అంది పిచ్చుక.

ఆయన పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. ఆ రోజు నుంచి ఎవరొచ్చి బూడిద రంగు అడిగినా సరుకు లేదని పంపించేసేవారు. డబ్బాలేమో అరలో వరసగా కనబడుతూనే ఉండేవి.

తర్వాతి వంతు మా బావగారిది, అంటే మా ఆయన అన్నగారిది. ఆయన వస్తే ముందు కారు వస్తుంది. నల్లటి పెద్ద బండి. దాన్ని మా సందులో అడ్డంగా పెట్టి, హారను కొట్టి, ఆనక దిగుతారు. తండ్రి పోయాక తమ్ముణ్ణి పెంచి పని నేర్పించింది ఆయనే. అందుకని మా ఆయన ఆయన మాటకి ఎదురు చెప్పడం నా కాపురంలో నేను ఎన్నడూ చూడలేదు.

"నే ముందే చెప్పాను కదరా, ఆడపిల్ల చేతికి స్టీరింగు ఇవ్వద్దని," అన్నారు కుర్చీలో కూర్చోకుండానే. "దేవుడి దయవల్ల కాలితో పోయింది. ఆ తుక్కు అమ్మి పారెయ్. కాలు కుదురుకున్నాక ఏ కొట్లోనైనా లెక్కలు రాసే పని చూస్తాను. నీడపట్టున కూర్చుని చేసుకుంటుంది."

"గుద్దింది మగాడే కదా పెదనాన్నా," అంది లోపల్నుంచి పిచ్చుక. "వాణ్ణి కూర్చోబెట్టమని చెప్పు నీడపట్టున."

"నోరు చూశావా!" అన్నారు బావగారు, నా వైపు తిరిగి. అది నేను కుట్టిన నోరైనట్టు.

మా ఆయన, "అలాగే అన్నయ్యా," అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో మాత్రం తెలియలేదు.

*

ల్యాబ్ నడిపే మేడమ్‌కి ఫోను చేశాను. మంచావిడే కానీ పని దగ్గర ముక్కుసూటి మనిషి. పిల్ల కోలుకునేదాకా ఇంకెవర్నో పెట్టుకుంటానంది. ఆ ఇంకెవరో కుదురుకుంటే పిల్ల ఉద్యోగం గోవిందా అని నాకు తెలుసు.

"ఆ ఇంకెవరో నేనేనండీ," అన్నాను.

"మీకు డ్రైవింగ్ వచ్చా?"

"బస్సు ఎక్కడం వచ్చు."

ఆవిడ నవ్వి, ఊరికి దగ్గరగా ఉన్న మూడు క్లినిక్కులు మాత్రం ఇచ్చి, చూద్దాం అంది. మర్నాటి నుంచి పొద్దున్నే ఐస్ పెట్టె భుజాన వేసుకుని బయల్దేరేదాన్ని. బస్సులో పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పక్కావిడ, "ఐస్‌క్రీములా?" అని అడిగేది. "కాదండీ, రక్తం," అంటే చాలు, సీటంతా నాదే. అలా మహారాణిలా తిరిగాను కొన్నాళ్ళు. తడిసి ముద్దయి ఇంటికొచ్చి, ఆ తర్వాత మిషను ముందు కూర్చునేదాన్ని. పిచ్చుక మంచం మీద నుంచే ఫోను పట్టుకుని, ఏ క్లినిక్కులో ఎవరిని అడగాలో, ఏ సీసా ఎటు నిలబెట్టాలో చెబుతూ నా ప్రాణం తోడేసేది.

తర్వాత ఒకరోజు వంతెన దగ్గర నీళ్ళొచ్చి బస్సు నిలిచిపోయింది. జనంతో పాటు దిగి, పెట్టె నెత్తిన పెట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో నడిచాను. ల్యాబ్‌కి చేరి మూత తీస్తే ఐస్ అంతా నీరైపోయింది. మేడమ్ ఒక్కో సీసా పైకెత్తి చూసి, ఒక్కోటీ చెత్తడబ్బాలో వేసింది.

"వీళ్ళందర్నీ మళ్ళీ పొడవాలి," అంది. "ఇందులో ఒక ముసలాయన ఉన్నాడు. నరం దొరకడానికి నాలుగుసార్లు పొడిచారట పొద్దున."

నేను నీళ్ళు కారుతూ నిలబడ్డాను.

"తప్పు మీది కాదమ్మా, వానది. కానీ రక్తానికి ఆ తేడా తెలీదు. ఇలా అయితే కుదరదు," అంది.

ఇంటికి వెళ్ళలేదు నేను. తిన్నగా షెడ్డులోకి వెళ్ళి టార్పాలిను తాళ్ళు విప్పి లాగి పడేశాను. అరలో ఉన్న గరుకు కాగితం ఒకటి తీసుకుని, బాగున్న పక్క తలుపు మీద రుద్దడం మొదలుపెట్టాను. తడిబట్టలతో, చెప్పులతో, ఒంట్లో ఉన్న కోపమంతా పెట్టి.

మా ఆయన లోపల్నుంచి వచ్చారు. "ఏం చేస్తున్నావు?"

"రంగు తీస్తున్నాను."

"ఎందుకు?"

"కారు తోలడం నేర్చుకుంటాను. ఈ రంగు కారు మాత్రం తోలను."

ఆయన నిలబడి చూస్తున్నారు. నేను రుద్దుతూనే ఉన్నాను. గీతలు పడుతున్నాయి తప్ప రంగు కదలడం లేదు. చెయ్యి మంటపుట్టింది. ఆపితే ఏడుస్తానని తెలిసి ఆపలేదు. కాసేపటికి ఆయన వెళ్ళి బకెట్టుతో నీళ్ళు తెచ్చారు. నా చేతిలో కాగితం తీసుకుని, తడిపి, చిన్న చెక్కముక్కకి చుట్టి మళ్ళీ నా చేతికిచ్చారు.

"గుండ్రంగా కాదు," అన్నారు. "పొడుగునా."

ఆయన ఇంకో ముక్క తీసుకుని రెండో తలుపు దగ్గర కూర్చున్నారు. దీపాలు పెట్టే వేళకి మా ఇద్దరి చేతులూ మోచేతుల దాకా బూడిద రంగు బురద.

*

సొట్టలు తీయడం, కొత్త తలుపు వెతికి తెచ్చి బిగించడం ఆయన పని. అది సాగుతుండగా ఏ రంగు వెయ్యాలన్నదాని మీద ఇంట్లో పెద్ద తగువు. నేను ఎరుపన్నాను. ఫైరింజన్లు ఎర్రగా ఉంటాయి కదా అని. ఆయన తెలుపన్నారు. అంబులెన్సులు తెల్లగా ఉంటాయి కదా అని. పిచ్చుక చంక కర్రలు టకటకలాడించుకుంటూ వచ్చి, "మీరిద్దరూ ఆసుపత్రి కట్టుకుంటారా, రంగు చూసుకుంటారా? మాటలెందుకు, వానలోనే పెట్టి చూద్దాం," అంది.

మా ఆయన పాత డబ్బా మూతలకి తలో రంగు వేసి ఆరబెట్టారు. సందు చివర, రోడ్డు దాటాక ఒక పాత గోదాము గోడ ఉంది. దానికి మూతలన్నీ వరసగా మేకులతో కొట్టొచ్చారు. అటుగా పోయే వాళ్ళు మాకు మతి పోయిందేమో అన్నట్టు చూశారు. మబ్బు కమ్మి వాన మొదలవగానే ముగ్గురం ఒకే టార్పాలిను నెత్తిన పట్టుకుని సందు ఇవతలి మలుపు దగ్గర నిలబడ్డాం.

మొదట అన్నీ బాగానే కనబడ్డాయి. వాన జోరందుకుంది. వెలుతురు తగ్గుతూ వచ్చింది.

"బూడిద పోయింది," అన్నారు మా ఆయన. అందరికంటే ముందు ఆయనే అన్నారు.

తర్వాత ముదురు నీలం పోయింది. మట్టిరంగు పోయింది. నలుపు ఒక మచ్చలా మిగిలింది.

"నా ఎరుపేదీ?" అన్నాను.

"అదుగో, నలుపు పక్కన."

"అక్కడ రెండూ నల్లగానే ఉన్నాయి కదండీ!"

"అందులో ఒకటి నీ ఎరుపు," అన్నారు. ఆయన గొంతులో ఆశ్చర్యం నాకంటే ఎక్కువ.

తెలుపు చాలాసేపు నిలబడింది. ఆయన కొంచెం గర్వంగా నా వైపు చూశారు కూడా. అంతలో గాలి తిరిగి వాన పొగలా లేచింది. ఆ పొగలో తెలుపు కూడా పొగే అయిపోయింది. చివరికి గోడ మీద రెండే మిగిలాయి. ఒకటి నారింజ. రెండోది పసుపూ కాదు ఆకుపచ్చా కాదు, సగం పండిన నిమ్మకాయ రంగు. డబ్బాల అడుగున మిగిలినవి ఊరికే పారేయడం ఎందుకని ఆయన కలిపి వేసింది అది. వీధిదీపాలు వెలిగే వేళకి నారింజ కూడా మసకబారింది. ఆ నిమ్మకాయ మాత్రం ఎవరో కిటికీ తెరిచినట్టు అలాగే ఉంది.

"ముప్ఫై ఏళ్ళుగా రంగులు వేస్తున్నాను," అన్నారు మా ఆయన. "అన్నీ షెడ్డులో దీపాల కిందే చూశాను. వానలో నిలబడి ఎప్పుడూ చూడలేదు."

పిచ్చుక చంక కర్ర ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ఆయన భుజం మీద వేసింది. "రంగొక్కటే చాలదు నాన్నా," అంది. "తాళం తిప్పగానే లైట్లు వాటంతటవే వెలిగేలా చెయ్యి. నాలాంటి బద్ధకపు వాళ్ళు ఉంటారు."

*

కారు సిద్ధమై సందులోకి వచ్చిన రోజు జనం ముక్కున వేలేసుకున్నారు. దూరం నుంచి చూస్తే కారు కంటే ముందు రంగు వస్తుంది. ఎదురింటి టైలరు అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. బండి కాగితాల్లో రంగు మార్పించుకోవడానికి వెళ్తే రవాణా ఆఫీసులో గుమాస్తా బయటికొచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏ రంగని రాయనమ్మా దీన్ని?"

"పసుపని రాయండి."

"ఇది పసుపు కాదు కదా."

"పోనీ ఆకుపచ్చని రాయండి."

"అది అసలే కాదు." చివరికి తల గోక్కుని పసుపనే రాశాడు.

బావగారు సందులో దిగి, కారు చూసి, తమ్ముడి వైపు తిరిగారు. "ఇదేం రంగురా? ఆడవాళ్ళు తిరిగే బండికి ఇంత కొట్టొచ్చే రంగా? రోడ్డు మీద ప్రతివాడూ ఇటే చూస్తాడు!"

"చూడమనే కదా పెదనాన్నా వేసింది," అంది పిచ్చుక.

మా ఆయన బ్రష్షు కడుక్కుంటూ ఉండిపోయారు. ఎటూ మాట్లాడలేదు. ఆ మాత్రానికే నాకు ధైర్యం వచ్చింది.

ఇక నా చదువు మొదలైంది. లైసెన్సు ఉన్న పిచ్చుక కట్టు కాలు చాపుకుని పక్క సీట్లో, నేను స్టీరింగు దగ్గర, ఊరి బయట ఖాళీ మైదానంలో. నా వయసు వాళ్ళు మోకాళ్ళకి నూనె రాసుకుంటుంటే నేను గేర్లు నేర్చుకున్నాను.

"అమ్మా, క్లచ్చి మీంచి కాలు తియ్యి. నెమ్మదిగా. అది నీ కుట్టుమిషను కాదు, అలా టకటకా తొక్కకు!"

"అరవకే. అరిస్తే సూది విరుగుతుంది."

"ఇక్కడ సూది లేదే తల్లీ! బ్రేకు! బ్రేకు!"

కానీ కుట్టుమిషను తొక్కిన కాళ్ళకి ఒకటి తెలుసు. ఎంత తొక్కితే ఎంత కదులుతుందో వాటికి లెక్క ఉంటుంది. కొన్నాళ్ళకి కారు కుదుపు లేకుండా కదిలింది. ఆ రోజు దాని నోటికి తాళం పడింది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది, నేను మైదానం చుట్టూ తిప్పుతుంటే.

మొదటిసారి లైసెన్సు పరీక్షలో తప్పాను. మిట్ట మీద బండి ఆగిపోయి వెనక్కి జారింది. రెండోసారి జోరు వానలో వెళ్ళాను. వాయిదా వేసుకోమని అందరూ చెప్పారు. వానలో తోలడానికే కదా నేర్చుకుంది, వానలోనే చూడమన్నాను. ఇన్‌స్పెక్టరు ఎక్కి కూర్చుని, "ఏం రంగమ్మా ఇది, కళ్ళు చెదిరిపోతున్నాయి," అని విసుక్కున్నాడు.

"చెదిరితే చెదిరాయి సార్, ఇటు తిరిగాయి కదా," అన్నాను.

ఆయన మొహం గంటుపెట్టుకునే ఊరంతా తిప్పించాడు. మిట్ట మీద ఆపమన్నాడు. ఆపాను. కదలమన్నాడు. కదిలాను. వెంట్రుకంత కూడా వెనక్కి జారలేదు.

లైసెన్సు చూపిస్తే ల్యాబ్ మేడమ్ నాకు ఇచ్చింది ఎవరూ వెళ్ళని దారి. క్వారీల వైపు రెండు క్లినిక్కులు. రాళ్ళ లారీలు తిరిగే రోడ్డు. పొద్దున మంచు, ఆ తర్వాత వాన, రెండూ లేనప్పుడు దుమ్ము. మొదటి రోజు ఎదురుగా వస్తున్న లారీ అంత దూరంలోనే లైటు ఒకసారి కొట్టి, ఇరుకు చోట పక్కకి తప్పుకుని ఆగింది. మా ఆయన సంగతి అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆయన ఇంకా ఆ కారు ఎక్కలేదు. నేను బయల్దేరేటప్పుడు వెనక దీపాలు గుడ్డతో తుడిచి, లోపలికి వెళ్ళిపోయేవారు. తిరిగొచ్చేదాకా స్ప్రే గన్ పట్టుకునేవారు కాదట. పిచ్చుక చెప్పింది.

*

అంత నోరున్న పిల్ల భయపడుతుందని నేను అనుకోలేదు.

కట్టు విప్పారు. కాలు నిలబడింది. కుంటు కూడా తగ్గిపోతుందన్నాడు డాక్టరు. ఇంటికి రాగానే, "తాళాలియ్యి," అని చెయ్యి చాపింది. స్టీరింగు దగ్గర కూర్చుంది, అద్దం సర్దుకుంది, తాళం తిప్పింది. సందు చివరిదాకా వెళ్ళి, రోడ్డు మీదికి తిరగాల్సిన చోట ఆపేసింది. వానేమీ లేదు. రోడ్డు ఖాళీగా ఉంది. అయినా బండి కదల్చలేదు.

"ఎవరూ రావడం లేదే," అన్నాను.

"తెలుసు."

"మరి?"

"అప్పుడు కూడా ఎవరూ రావడం లేదనే అనుకున్నానమ్మా."

తలుపు తీసుకుని దిగిపోయి, సందు చివరి అరుగు మీద కూర్చుని మొహం చేతుల్లో దాచుకుంది. నుదుటి మీద కుట్లతో స్ట్రెచరు మీద ఉన్నప్పుడు కూడా అలా ఏడవలేదు అది. దగ్గరికి తీసుకోవాలని నా చేతులు లాగేశాయి. అలా చేస్తే ఇద్దరం ఇంటికి వెళ్ళిపోతామని తెలిసి ఊరుకున్నాను. సీటు మారి కూర్చుని, అటు తలుపు తెరిచాను.

"ఎక్కు. క్వారీ దారికి టైమవుతోంది. ఇవాళ పెట్టె పట్టుకునే మనిషి కావాలి నాకు."

మొహం తుడుచుకుని ఎక్కింది. దారి పొడుగునా నా గేర్లకి వంకలు పెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అలా రోజూ పక్కన కూర్చుని వచ్చేది. మైదానంలో ఒక చుట్టు తోలేది. తర్వాత రెండు. ఒక ఆదివారం నేను మిషను దగ్గర ఉంటే కారు చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే స్టీరింగు దగ్గర పిచ్చుక, పక్కన వాళ్ళ నాన్న. ఆయన పైనున్న పిడిని రెండు చేతులతో పట్టుకుని, పరీక్షకి వెళ్ళే పిల్లాడిలా బిగుసుకుని కూర్చున్నారు. నేను బయటికి వచ్చేలోపు వెళ్ళిపోయారు. ఒక కవరు మొత్తం కుట్టి, వంకర పోయిందని విప్పి, మళ్ళీ కుట్టాను. వాళ్ళు వచ్చేసరికి వాన అందుకుంది.

"ఎక్కడిదాకా వెళ్ళారు?"

"కూడలి దాటి," అన్నారు ఆయన. "రెండుసార్లు దాటాం." గ్లాసుడు నీళ్ళు గటగటా తాగి షెడ్డులోకి వెళ్ళిపోయారు.

*

వానలు వెనకపట్టు పట్టే రోజుల్లో ల్యాబ్ మేడమ్ పిచ్చుకకి ఫోను చేసింది. పాత దారి పాత మనిషికే, రోజూ మధ్యాహ్నం పూట రమ్మంది. ఇల్లంతా పండగలా ఉంది. కబురు అందుకుని మర్నాడు పొద్దున్నే బావగారు దిగారు. మేనకోడలి పెళ్ళి మాటలేవో చెప్పి, టీ తాగి, కుర్చీలో వెనక్కి వాలారు.

"సరే, పిల్ల మొండిది, దాని మానాన దాన్ని పోనివ్వండి," అన్నారు పెద్ద మనసు చేసుకున్నట్టు. "నువ్వు మాత్రం ఇంక మానెయ్ అమ్మాయ్. ఏదో అవసరానికి చేశావు, బాగానే ఉంది. ఈ వయసులో లారీల మధ్య నీకెందుకు ఆ యాతన? హాయిగా ఇంటిపట్టున ఉండు."

"అవునమ్మా," అంది పిచ్చుక కూడా. "నీ రెండు క్లినిక్కులూ నేనే చూసుకుంటాలే. నువ్వు రెస్టు తీసుకో."

ప్రేమతోనే అంది. అది నాకు తెలుసు. అయినా చురుక్కుమంది.

"నిన్ను మానేయమన్నప్పుడు నువ్వేమన్నావే?" అన్నాను. "పొద్దుట క్వారీ దారి నాది. మధ్యాహ్నం కారు నీకిస్తాను. నా దారి నేనెవరికీ ఇవ్వను."

అది నోరు తెరిచి, మూసి, పెద్దగా నవ్వేసింది.

బావగారు నవ్వలేదు. "అంటే ఇంట్లో మగవాళ్ళు సంపాదించడం లేదనా లోకానికి చెప్పడం? ఒరేయ్, నీ పెళ్ళాం ఏమంటోందో వింటున్నావా?"

మా ఆయన షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నారు. చేతిలో గుడ్డ. అన్నగారి వైపు చూశారు. నా వైపు చూశారు. గోడ మీద గడియారం వైపు చూశారు. నేను ఐస్ పెట్టె భుజానికి తగిలించుకుని, ఆయన ఎప్పటిలా "అలాగే అన్నయ్యా" అంటారని, అన్నా సరే వెళ్ళిపోవాలని గుండె గట్టి చేసుకున్నాను.

"అన్నయ్యా," అన్నారు ఆయన. "నీ బండి సందుకి అడ్డంగా ఉంది. కాస్త తియ్యి. ఆవిడకి టైమవుతోంది."

బావగారు తమ్ముడి మొహంలోకి చాలాసేపు చూశారు. తర్వాత కుర్చీలోంచి లేచి, జేబులో తాళాలు వెతుక్కుంటూ, వానలోకి దిగారు. ఆయన బండి వెనక్కి వెళ్ళేదాకా నేను కారులో కూర్చుని ఆగాను. దారి పూర్తిగా తెరుచుకున్నాక మొదటి గేరు వేశాను.